వెయ్యి మంది గుమాస్తాలూ, వెయ్యి చిట్టా పుస్తకాలూ

ముందే చెప్పేస్తున్నా, ఇది పేజీ టేబుళ్ళ మీద పాఠం కాదు. పాఠం కావాలంటే బీటెక్‌లో కొన్న ఆపరేటింగ్ సిస్టమ్స్ పుస్తకం అటక మీద ఎక్కడో ఉంటుంది, దించుకుని దులుపుకోండి. నా గోల వేరు. సర్వర్లో మెమరీ చాలట్లేదు అనగానే మనవాళ్ళు రెండే పనులు చేస్తారు. ఒకటి, ర్యామ్ పెంచమని టికెట్ వెయ్యడం. రెండు, ఎవడో ఒక కుర్రాడి కోడ్‌లో మెమరీ లీక్ ఉందని తేల్చెయ్యడం. ఆ రెండింటికంటే ముందు చెయ్యాల్సిన పని ఇంకోటుంది, దానికి పట్టేది పది సెకన్లు. అది మాత్రం ఎవరూ చెయ్యరు. ఎందుకు చెయ్యరయ్యా అంటే, ఆ వరస ఒకటుందని చాలామందికి తెలియదు కాబట్టి.

సరే, విషయంలోకి వద్దాం. ప్రతి ప్రాసెస్‌కీ తనకంటూ ఒక అడ్రస్ స్పేస్ ఉన్నట్టు కెర్నల్ భ్రమ కల్పిస్తుంది. ఆ ఊహా చిరునామాకి అసలు ర్యామ్‌లో చోటు ఎక్కడో చెప్పే పట్టికే పేజీ టేబుల్. 1962లో మాంచెస్టర్ వాళ్ళ అట్లాస్ కంప్యూటర్ నాటి ఆలోచన ఇది, కొత్తదేం కాదు. ఇప్పుడు మనం వాడే 64 బిట్ ఇంటెల్, ఏఎమ్‌డీ మెషీన్లలో పేజీ సైజు మామూలుగా 4 కేబీ, పట్టికలో ఒక్కో ఎంట్రీ 8 బైట్లు. 48 బిట్ల అడ్రస్ మొత్తానికీ ఒకే బారు పట్టిక రాస్తే, ఒక్కో ప్రాసెస్‌కి ఆ పట్టికే 512 జీబీ అవుతుంది! అందుకే దాన్ని నాలుగు అంతస్తులుగా విడగొట్టారు. 2005లో వచ్చిన 2.6.11 కెర్నల్‌తో లినక్స్ నాలుగంతస్తులకి మారింది. 2017లో 57 బిట్ల కోసం ఐదో అంతస్తు కూడా కట్టారు.

మా కడియం వాళ్ళకైతే ఈ అంతస్తుల సంగతి విప్పి చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గర ఎత్తిన గోదావరి నీళ్ళు ముందు ప్రధాన కాలువలోకి, అందులోంచి బ్రాంచి కాలువలోకి, అక్కణ్ణించి పిల్ల కాలువలోకి, చివరికి పొలంలో బోదెలోకి వస్తాయి. పొలమే లేని చోట బోదె ఎవడూ తవ్వడు కదండీ? పేజీ టేబులూ అంతే. వాడని అడ్రసులకి కింది అంతస్తు పట్టికలు అసలు పుట్టవు. ప్రాసెస్ ఆ చోటుని మొదటిసారి ముట్టుకున్నప్పుడే పేజ్ ఫాల్ట్ వస్తుంది, కెర్నల్ అప్పుడు తవ్వుతుంది. ఈ "ముట్టుకున్నప్పుడే" అన్నమాట గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరమొస్తుంది.

ఇంతవరకూ అందరికీ తెలిసిందే. ఇంటర్వ్యూల్లో అడిగేదీ ఇంతే. "పేజింగ్‌కీ సెగ్మెంటేషన్‌కీ తేడా ఏమిటి?", "టీఎల్‌బీ అంటే?" అని అడుగుతారు, మనం అప్పజెప్తాం, వాళ్ళు టిక్కు పెట్టుకుంటారు. పేజీ టేబుల్ కూడా ర్యామ్‌లోనే ఉంటుందనీ, దానికీ చోటు కావాలనీ, ఆ చోటు ఎంతో లెక్క కట్టొచ్చనీ అడిగినవాణ్ణి నేనింతవరకూ చూళ్ళేదు.

లెక్క కట్టి చూద్దాం. 4096 బైట్ల పేజీకి 8 బైట్ల ఎంట్రీ, అంటే 512లో ఒక వంతు. 32 జీబీ మెమరీని పూర్తిగా మ్యాప్ చేసుకున్న ప్రాసెస్‌కి 64 ఎంబీ పట్టిక అన్నమాట. (పై అంతస్తుల ఖర్చు ఇందులో మళ్ళీ 512లో ఒక వంతే కాబట్టి వదిలేద్దాం.) 64 ఎంబీ అంటే ఓస్ ఇంతేనా అనిపిస్తుంది. ఒక్క ప్రాసెస్ అయితే నిజంగానే ఓస్ ఇంతే.

ఇప్పుడు పోస్ట్‌గ్రెస్ సంగతి చూడండి. దాంట్లో ఒక్కో కనెక్షన్‌కి ఒక్కో ప్రాసెస్. డేటా దాచుకునే షేర్డ్ బఫర్స్ మాత్రం అందరికీ ఒకటే. మెమరీని పంచుకుంటారు గానీ పట్టికని పంచుకోరు! మా ఊరి భాషలో చెప్పాలంటే, కడియపులంకలో ఒక పెద్ద నర్సరీ ఉందనుకోండి. ఏ మొక్క ఏ మడిలో ఏ వరసలో ఉందో రాసుకోడానికి గుమాస్తాలున్నారు. తోట ఒక్కటే, కానీ ప్రతి గుమాస్తా తోటలోని ప్రతి కవరుకీ ఒక లైను చొప్పున తన సొంత చిట్టా పుస్తకంలో రాసుకుంటాడు. ఒకడి పుస్తకం ఇంకొకడు ముట్టుకోడు. వెయ్యిమంది గుమాస్తాలుంటే వెయ్యి పుస్తకాలు, అన్నిట్లోనూ అదే సరుకు. కొన్నాళ్ళకి ఆ పుస్తకాలు పెట్టుకోడానికే మొక్కలు తీసేసి షెడ్డు వెయ్యాల్సొస్తుంది.

మరి ఎన్ని కనెక్షన్లకి మొక్కలూ పుస్తకాలూ సమానమవుతాయి? 512. బఫర్ 8 జీబీ అయినా, 80 జీబీ అయినా, 512 ప్రాసెస్‌లు దాన్నంతా ముట్టుకుంటే పట్టికల సైజు అసలు డేటా సైజుకి సమానం. అది దాటితే పట్టికలే ఎక్కువ. "అయిదొందల కనెక్షన్లు ఎవడు పెడతాడండీ?" అనకండి. స్ప్రింగ్ బూట్‌లో హికారీ పూల్ డిఫాల్టు 10. దాన్ని ముట్టుకోకుండా వదిలేసి కుబెర్నెటెస్‌లో 50 పాడ్లు లేపితే అక్కడే 500 అయిపోయాయి.

నేను దగ్గర్నుంచి చూసిన ఒక క్లయింటు సంగతి చెప్తాను, పేరు అనవసరం. 64 జీబీ డేటాబేస్ సర్వర్, 16 జీబీ షేర్డ్ బఫర్స్, పూల్స్ అన్నీ కలిపి ఏడొందల పైచిలుకు కనెక్షన్లు. సోమవారం రీస్టార్ట్ చేస్తే బ్రహ్మాండంగా ఉంటుంది. శుక్రవారానికి ఓఓఎమ్ కిల్లర్ దిగి ఒక ప్రాసెస్‌ని నరికేస్తుంది, పోస్ట్‌గ్రెస్ మొత్తం రికవరీలోకి పోతుంది. నాలుగు రోజులు మెల్లగా పెరుగుతోందంటే ఇంకేముంది, లీకే అన్నారు. ఎవరి లీకు? ఓఓఎమ్ లాగ్‌లో చచ్చిన ప్రాసెస్ ఎవరి క్వెరీ నడుపుతోందో చూశారు. నెలాఖరు రిపోర్టులు. ఆ రిపోర్టులు రాసింది రెండేళ్ళ అనుభవం ఉన్న ఒక కుర్రాడు. ఇంకేం, దొరికాడు దొంగ.

కెర్నల్ ఎవణ్ణి చంపాలో ఎలా తేలుస్తుందో ఒక్కరైనా చూసుంటే ఆ అబ్బాయి మూడు వారాలు నిద్రమానుకునేవాడు కాదు. ఆ మార్కుల్లోకి ప్రాసెస్ ముట్టుకున్న ర్యామ్, స్వాప్, దాని పేజీ టేబుళ్ళు కలిసొస్తాయి. షేర్డ్ మెమరీ కూడా ఆ ర్యామ్ లెక్కలోకే వస్తుంది. రిపోర్టు క్వెరీ అంటే బఫర్లన్నీ తిరిగొచ్చే క్వెరీ, కాబట్టి అందరికంటే ఎక్కువ మార్కులు దానికే. తోటంతా తిరిగిన గుమాస్తా బూట్లకి మట్టి ఎక్కువుంటుంది. మట్టి ఉందని దొంగతనం అంటగడితే ఎలా?

ఇక మెల్లగా పెరగడం సంగతి. లినక్స్‌లో ఫోర్క్ చేసినప్పుడు ఇలాంటి షేర్డ్ మ్యాపింగుల పట్టికల్ని కాపీ చెయ్యరు, తర్వాత ముట్టుకున్నప్పుడు నింపుకోవచ్చు కదా అని. కొత్త కనెక్షన్ చిట్టా దాదాపు ఖాళీ. రోజులు గడిచేకొద్దీ ఒక్కో పేజీ ముట్టుకుంటూ నింపుకుంటుంది. పూల్‌లో కనెక్షన్లు రోజుల తరబడి బతికుంటే అందరి పుస్తకాలూ నిండుతాయి. బయటి నుంచి చూసేవాడికి అచ్చం లీకులాగే కనిపిస్తుంది. పైగా టాప్‌లో కనిపించే రెసిడెంట్ అంకెలో ఈ పట్టికలు ఉండవు. అన్ని ప్రాసెస్‌లూ కూడినా లెక్క తేలదు.

వాళ్ళేం చేశారో తెలుసా? ర్యామ్ 128 జీబీ చేశారు. "ర్యామ్‌లో నాలుగో వంతు షేర్డ్ బఫర్స్" అన్న పెద్దల సూత్రం ప్రకారం బఫర్లు 32 జీబీ చేశారు. దాంతో ఒక్కో ప్రాసెస్ చిట్టా 32 ఎంబీ నుంచి 64 ఎంబీ అయింది. మందు డబుల్, జబ్బూ డబుల్ :) శుక్రవారం మళ్ళీ పడింది. 2025 చివరి నుంచీ ర్యామ్ ధరలు ఎలా పెరిగాయో తెలిసినవాళ్ళకి ఇది ఎంత ఖరీదైన వైద్యమో నేను చెప్పక్కర్లేదు.

చివరికి కనిపెట్టింది రాత్రి షిఫ్టు చూసే ఒక లినక్స్ అడ్మిన్. చేసిందల్లా ప్రోక్ కింద మెమ్‌ఇన్ఫో ఫైలు తెరిచి పేజ్‌టేబుల్స్ అనే వరస చదవడం. నలభై జీబీ పైన! ప్రాసెస్‌కి ఎంతో కావాలంటే దాని స్టేటస్ ఫైల్లో వీఎమ్‌పీటీఈ చూడాలి. పది సెకన్ల పని అన్నది ఇదే. హ్యూజ్ పేజెస్ పెట్టారు, గొడవ తీరింది. కుర్రాడికి అప్పటికే ఆ ఏడాది రేటింగు పోయింది, దాన్ని మాత్రం ఎవరూ రీస్టార్ట్ చెయ్యలేదు.

ఇది ఏదో ఒక్క చోట జరిగిన వింత కాదండోయ్. 2022లో ఒరాకిల్‌లో పనిచేసే ఖాలిద్ అజీజ్, ప్రాసెస్‌లు పేజీ టేబుళ్ళని పంచుకునేలా ఎమ్‌షేర్ అనే ప్యాచ్‌లు పంపించాడు. అందులో ఇచ్చిన ఉదాహరణ చూస్తే కళ్ళు తిరుగుతాయి. 512 జీబీ ర్యామ్ ఉన్న సర్వర్, 300 జీబీ ఎస్‌జీఏ, దాన్ని పంచుకోబోయిన క్లయింట్లు 1500 పైన. మెషీన్ మెమరీ చాలక పడిపోయింది. అందరూ అన్ని పేజీలూ మ్యాప్ చేసుకుంటే పట్టికలకే 878 జీబీ కావాలి! మీరే 300ని 512తో భాగించి 1500తో గుణించుకోండి, సరిపోతుంది. అంతకుముందు 2000ల మొదట్లోనే ఐబీఎమ్ నుంచి డేవ్ మెక్‌క్రాకెన్ ఇలాంటి పంపకమే ప్రతిపాదించాడు. అది మెయిన్‌లైన్‌లోకి రాలేదు, ఎమ్‌షేర్ కూడా ఏళ్ళ తరబడి చర్చల్లోనే నలిగింది. కెర్నల్ వాళ్ళని తప్పుపట్టను. ఒక ప్రాసెస్ పట్టిక మార్చినప్పుడు మిగతా కోర్ల టీఎల్‌బీల్లో పాత ఎంట్రీలు కొట్టించడమే పెద్ద తతంగం, ఇక పట్టికే ఉమ్మడిదైతే తాళం ఎవరి దగ్గరుండాలన్న గొడవ మొదలవుతుంది. ఉమ్మడి ఆస్తి వ్యవహారం మనకి తెలియనిదా!

హ్యూజ్ పేజీ అంటే 4 కేబీ బదులు 2 ఎంబీ పేజీ. కవరుకో లైను మానేసి మడికో లైను రాసుకోవడం. 32 జీబీకి 83 లక్షల పైచిలుకు ఎంట్రీలు కాస్తా 16,384 అవుతాయి. 64 ఎంబీ చిట్టా 128 కేబీకి దిగుతుంది. అదనంగా టీఎల్‌బీ లాభం ఒకటి. ఇంటెల్ స్కైలేక్‌లో రెండో స్థాయి టీఎల్‌బీకి 1536 ఎంట్రీలు. 4 కేబీ పేజీలతో అది 6 ఎంబీనే కవర్ చేస్తుంది, 2 ఎంబీ పేజీలతో 3 జీబీ.

మరి ఇంత మంచిదైతే అందరూ ఎందుకు పెట్టుకోరు? ఇక్కడే నాకు మండేది. అమీర్‌పేట నోట్సుల్లోంచి పుట్టి, చేతులు మారి మారి వచ్చిన ఒక వాక్యముంది: "హ్యూజ్ పేజెస్ డిసేబుల్ చెయ్యాలి." అసలు మాట అది కాదు. డిసేబుల్ చెయ్యమన్నది ట్రాన్స్‌పరెంట్ హ్యూజ్ పేజెస్‌ని. 2011లో 2.6.38తో వచ్చిన ఆ సదుపాయంలో కెర్నల్ తనంతట తనే చిన్న పేజీల్ని కలిపి పెద్దవి చేస్తుంది, ఆ సర్దుడులో అప్పుడప్పుడు ఆలస్యాలొస్తాయి. ఒరాకిల్, రెడిస్ వాళ్ళు వద్దన్నది అందుకే. ముందుగా రిజర్వు చేసి పెట్టుకునే అసలు హ్యూజ్ పేజెస్ వేరు. పేరు కలిసిందని రెండిట్నీ ఒకే తాటికి కట్టేసి ఆపేశారు మహానుభావులు. ఇంకో తమాషా, ఏళ్ళ తరబడి ట్రాన్స్‌పరెంట్ రకాన్ని ఆపమన్న మోంగోడీబీ వాళ్ళే 8.0 వెర్షన్ నుంచి ఆన్ చేసుకోమంటున్నారు, వాళ్ళ మెమరీ ఎలొకేటర్ మారింది కాబట్టి. రన్‌బుక్కుల్లో మాత్రం పాత వాక్యం శిలాశాసనంలా అలాగే ఉంది.

అసలు హ్యూజ్ పేజెస్‌కి ఇబ్బందుల్లేవా అంటే ఉన్నాయి. రిజర్వు చేసిన చోటు ఇంకెవరికీ పనికిరాదు, లెక్క తప్పితే వృథా. సర్వర్ చాలాకాలం నడిచాక అడిగితే వరసగా 2 ఎంబీ ముక్కలు దొరకవు, బూట్ అప్పుడే తీసి పెట్టుకోవాలి. నాలుగైదు జీబీ బఫర్లూ యాభై కనెక్షన్లూ ఉన్నవాళ్ళకి ఈ తలనొప్పి అనవసరం. పీజీబౌన్సర్ లాంటిది మధ్యలో పెట్టి గుమాస్తాల్నే తగ్గించుకోవచ్చు. చాలామందికి అదే మొదటి పని అవ్వాలి కూడా.

పెట్టుకుంటే మాత్రం ఒక్క సంగతి. పోస్ట్‌గ్రెస్‌లో హ్యూజ్ పేజెస్ సెట్టింగు డిఫాల్టు "ట్రై". దొరికితే వాడుకుంటుంది, దొరక్కపోతే కిక్కురుమనకుండా చిన్న పేజీలతో లేస్తుంది. మీరు పెట్టామనుకుంటారు, అది పడి ఉండదు. దాన్ని "ఆన్" చెయ్యమంటాను నేను. పేజీలు దొరక్కపోతే అసలు లేవదు. రాత్రి రెండింటికి ఫెయిలోవర్ అయినప్పుడు లేవకపోతే ఎలా అని మా డీబీఏ మిత్రుడొకడు నాతో గంటసేపు వాదించాడు. రెండింటికి లేవకపోతే కారణం లాగ్‌లో ఒక్క లైనులో ఉంటుంది, శుక్రవారం పడితే మూడు వారాలు వెతకాలి. ఇద్దరం ఒప్పుకోలేదు. మధ్యేమార్గంగా వెర్షన్ 17 నుంచి హ్యూజ్ పేజెస్ స్టేటస్ అనే పారామీటర్ వచ్చింది. "ట్రై" పెట్టుకున్నవాళ్ళు దాని మీద అలర్టు పెట్టుకోండి. ఎన్ని పేజీలు కావాలో వెర్షన్ 15 నుంచి పోస్ట్‌గ్రెస్సే చెప్తుంది, కాలిక్యులేటర్ అక్కర్లేదు.

ఒరాకిల్ వాళ్ళకి: మెమరీ టార్గెట్ పెట్టి ఆటోమేటిక్ మెమరీ మేనేజ్‌మెంట్ నడుపుతుంటే హ్యూజ్ పేజెస్ పనిచెయ్యవు, రెండిట్లో ఒకటే. ఎస్‌జీఏ టార్గెట్, పీజీఏ టార్గెట్ విడివిడిగా పెట్టుకోవాలి. కుబెర్నెటెస్ వాళ్ళకి: పేజీ టేబుళ్ళు మీ పాడ్ మెమరీ లిమిట్‌లోకే పడతాయి, కాబట్టి హీప్ సైజు చూసి లిమిట్ వేసేటప్పుడు ఈ చిట్టాకి కూడా కాస్త చోటు వదలండి.