లాస్‌పేట నుంచి పిళ్ళైచావడికి దారి వేయండి

దేశంలోనే తొలి కమ్యూనిటీ కాలేజీ 1995లో మన పుదుచ్చేరిలో పుట్టింది. లాస్‌పేటలోని ఆ కాలేజీకి, పిళ్ళైచావడిలోని పుదుచ్చేరి టెక్నలాజికల్ యూనివర్సిటీకి మధ్య ఉన్నది కొద్ది కిలోమీటర్లే. అక్కడ చదివినవాడు ఇక్కడ ఇంజనీరింగ్‌లో చేరడానికి తిన్నని బాట మాత్రం ఇంతవరకు పడలేదు.

అదే లాస్‌పేటలో మోతీలాల్ నెహ్రూ ప్రభుత్వ పాలిటెక్నిక్ విద్యార్థికి ఆ బాట ఉంది. మూడేళ్ల డిప్లొమా పూర్తిచేస్తే పుదుచ్చేరి ప్రవేశాల కమిటీ సెంటాక్ ద్వారా బీటెక్ సెకండియర్లో చేరవచ్చు. యానాం పాలిటెక్నిక్‌లో చదివిన తెలుగు పిల్లలకూ ఇదే ఆశ. ఆంధ్ర, తెలంగాణల్లో ఈసెట్ ప్రవేశ పరీక్ష చేస్తున్న పని ఇదే.

కమ్యూనిటీ కాలేజీ పిల్లలు చేసిన పాపమేమిటి? గణితం చదివిన బీఎస్సీ వారిని, సంబంధిత రంగంలో డీవోక్ (వృత్తి విద్యా డిప్లొమా) చేసిన వారిని కూడా సెకండియర్లో తీసుకోవచ్చని సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ నిబంధనలే చెబుతున్నాయి. అవసరమైతే గణితం, ఫిజిక్స్, ఇంజనీరింగ్ డ్రాయింగ్‌లలో బ్రిడ్జి కోర్సు పెట్టాలనీ చెబుతున్నాయి. చదివిన కోర్సుల క్రెడిట్లను దాచుకుని వేరే చోట వాడుకునేందుకు 2021 నుంచి క్రెడిట్ల బ్యాంకు కూడా ఉంది. కానీ చేర్చుకునే యూనివర్సిటీ ఒప్పుకోనిదే ఆ క్రెడిట్లు ఎందుకూ కొరగావు.

ప్రమాణాలు పడిపోతాయన్న భయాన్ని కొట్టిపారేయం. మోటారు విప్పి వైండింగ్ చుట్టగల కుర్రాడు నేరుగా సెకండియర్లో చేరితే మూడో సెమిస్టర్లో ఫోరియర్ సిరీస్ దగ్గర ఆగిపోతాడు. ఇంటిగ్రేషన్ గట్టిగా రాదు. ఫస్టియర్ మ్యాథ్స్ అతనికి ఎవరూ చెప్పలేదు మరి. బ్యాక్‌లాగులు పేరుకున్నాక మందలించి లాభం లేదు. క్లాసులు మొదలవకముందే, వేసవిలో రెండు నెలలు కూర్చోబెట్టి ఆ లెక్కలు నేర్పాలి. పరీక్ష మాత్రం అందరికీ ఒక్కటే ఉండాలి.

2020లో సొంత యూనివర్సిటీగా మారేదాకా పిళ్ళైచావడిలోని ఆ ఇంజనీరింగ్ కాలేజీ పుదుచ్చేరి విశ్వవిద్యాలయానికే అనుబంధం. కమ్యూనిటీ కాలేజీ కూడా ఆ విశ్వవిద్యాలయానిదే. పాతికేళ్లు ఒకే గొడుగు కింద ఉండి కూడా ఈ పని చేసుకోకపోవడం క్షమించరాని అశ్రద్ధ. ఇప్పుడు ఒకటి కేంద్రానిది, ఒకటి ఇక్కడి ప్రభుత్వానిది. రెండు సంతకాలు కావాలి.

ఇద్దరు వైస్ ఛాన్సలర్లూ ఒకచోట కూర్చోండి. ఏ కోర్సు చదివితే ఏ బ్రాంచికి అర్హత, ఎన్ని క్రెడిట్లు లెక్కలోకి వస్తాయి, బ్రిడ్జి కోర్సు ఎప్పుడు - ఈ జాబితాను వచ్చే ఏడాది సెంటాక్ ప్రకటనలోనే అచ్చువేయండి.