యంత్రము మనదైననే మాట మనది

2025 జూలై 30వ తేదీన శ్రీహరికోట నుండి ఆకసమున కెగసిన రాకెట్టు నైసార్ ఉపగ్రహమును మోసికొనిపోయెను. ఆ యుపగ్రహమును భారతదేశమును, అమెరికాయు కలసి నిర్మించినవి. రాకెట్టు పైదశను నడిపినది మన దేశమున తయారైన క్రయోజెనిక్ ఇంజను. ఈ యింజను విద్య మనకు దక్కకుండ అంతకు ముప్పదిమూడేండ్ల ముందు అడ్డుపడినదియు అమెరికాయే. నేటి రాజనీతి సారమంతయు ఈ రెండు ఘట్టముల నడుమ నిమిడియున్నది.

1991లో నాటి సోవియట్ సంస్థయగు గ్లావ్‌కాస్మాస్‌తో మన అంతరిక్షసంస్థ ఒడంబడిక చేసికొనెను. క్షిపణుల వ్యాప్తిని అరికట్టు నియమములకు అది విరుద్ధమని 1992 మే నెలలో అమెరికా ఉభయ సంస్థలపైనను ఆంక్షలు విధించెను. అతిశీతల ద్రవములను అప్పటికప్పుడు నింపుకొనవలసిన యంత్రము యుద్ధమునకు అక్కరకు రాదన్న వాదము చెవి కెక్కలేదు. 1993లో రష్యా తలయొగ్గి, ఇంజను లమ్మెదముగాని విద్య నీయజాలమనెను. మనవారు స్వయముగ పూనుకొనిరి. 2010లో తొలి ప్రయోగము విఫలమయ్యెను. 2014 జనవరి 5న జయము చేకూరెను. నడుమ గడచినవి ఇరువది యేండ్లు.

నాడు ఒక యింజనుకు జరిగినది నేడు సమస్త నూతన విద్యలకును జరుగుచున్నది. 2022 అక్టోబరులో అమెరికా ఉన్నతశ్రేణి చిప్పులును, వానిని చేయు యంత్రములును చైనాకు చేరకుండ కట్టడి చేసెను. అతిసూక్ష్మమైన చిప్పులను ముద్రించు యంత్రమును చేయగలది లోకమున హాలండు దేశపు ఏఎస్ఎంఎల్ యను కంపెనీ యొక్కటియే. ఒక చిన్న దేశపు కర్మాగారము మహారాజ్యముల పోరునకు కేంద్రమయ్యెను. చైనాయు ఊరకుండలేదు. 2023లో గాలియము, జర్మేనియములపైనను, 2025 ఏప్రిలులో ఏడు అరుదైన మూలకములపైనను, వానితో చేయు అయస్కాంతములపైనను ఆంక్షలు పెట్టెను. తగవు వారిది, దెబ్బ మన మోటారు పరిశ్రమకును తగిలెను. 2025 జనవరిలో కృత్రిమమేధకు వలయు చిప్పులను పంచుటకై అమెరికా ప్రకటించిన నియమములలో మొదటి వరుస మిత్రులు పదునెనమండుగురు. భారతదేశము వారిలో లేదు. మే నెలలో ఆ నియమములను రద్దుచేసిరి. కాని రద్దుచేసిన చేయియే మరల వ్రాయగలదు.

ఇతరులను నిందించిన చాలదు. భీమునిపట్టణము మొదలుగాగల మన ఆంధ్ర తీరమందలి ఇసుకలో మోనజైటు కలదు. అరుదైన మూలకములకు అది గని. నిలువలలో భారతదేశము లోకమున ముందువరుసలో నున్నది. 2024 నాటి ఉత్పత్తిలో మన పాలు నూటికి ఒకటియైనను లేదు. మోనజైటులో థోరియముండుటచే నిర్బంధము లవసరమే. అయినను ఇసుకను కాపాడితిమి గాని, దానిని శుద్ధిచేసి అయస్కాంతముగ మలచు విద్యను పెంపొందింపమైతిమి. 2025 నవంబరులో కేంద్ర మంత్రివర్గము ఏటికి 6,000 టన్నుల అయస్కాంతములు తయారగునట్లు 7,280 కోట్ల రూపాయల పథకము నంగీకరించినది. ఇది మెచ్చదగినదే. తీరవాసుల బ్రతుకునకు హాని కలుగకుండ దానిని త్వరగా నెరవేర్పవలయును.

చౌకగ దొరకునప్పుడు కొనిన చాలునని కొందరందురు; సమస్తమును మనమే చేసికొనవలెనని మరికొంద రందురు. మొదటిది 1993ను మరచుట. రెండవది ఏ దేశమునకును సాధ్యము కాదు. ఇతరులు మనలను విడిచి సాగజాలని వస్తువులు కొన్నియైనను మన చేతనుండవలెను. అప్పుడే ఇచ్చిపుచ్చుకొనుట యుండును. లేనిచో యాచించుటయే మిగులును.

మన యింజను గెలిచిన 2014లోనే, సెప్టెంబరు నెలలో, నైసార్ ఒప్పందముపై సంతకములు జరిగెను. ఒకటి రెండవదానికి కారణమని మేము చెప్పము. కాని నాడు ఆంక్షలు పెట్టినవారు తుదకు తమ యుపగ్రహమును మన రాకెట్టునకే యప్పగించిరన్నది సత్యము. ఆ గౌరవమునకు ఇరువది యేండ్లు పట్టెను. ఈసారి మనకంత గడువు లేదు.