పాతకలపకు మైలయా?

గడచిన వేసవిలో గోదావరి తీరమందలి యొక గ్రామమున మండువాలోగిలి నొకదానిని కూలద్రోయుచుండగా మేము చూచితిమి. యంత్రము రెండు జాములలో గోడలను నేలమట్టము చేసెను. దూలములును, స్తంభములును, బెత్తెడు మందముగల ద్వారబంధములును ముక్కలై, ఇటుకబట్టీకి పోవు బండి కెక్కెను. అన్నియు బర్మాటేకు. గొడ్డలి పడిన చోటనెల్ల లోపలి చేవ తేనెవన్నెతో మెరయుచుండెను. "వీనిని మీ క్రొత్త యింటికి వాడుకొనరాదా?" యని యజమాను నడిగితిమి. చదువుకొన్నవాడును ఉద్యోగియు నగు నాయన "పాతకలప కొత్తయింట్లో పెడితే వంశానికి చేటండీ" యని బదులు చెప్పెను. ఆ మాటయే మాచేత నీ వ్యాసము వ్రాయించుచున్నది.

పాతకలపకు మైల గలదనువారిని మేమొకటి యడుగుదుము. అవ్వ మెడలోని కాసులపేరు కరగించి మనుమరాలికి వడ్డాణము చేయించునపుడు ఆ బంగారమునకు మైల లేదా? తాత దున్నిన చేనినే మనుమడు దున్నునపుడు ఆ మట్టికి లేదా? ఏ దూలము క్రింద పురుళ్లును, అక్షరాభ్యాసములును, పెండ్లిండ్లును జరిగెనో, ఆ దూలమే చోటు మారినంతమాత్రమున అశుభమగునా? వాస్తుపండితులు దీనిని నిషేధించుచున్నారు, కాదనము. పురుగు తొలిచిన మ్రాను నెత్తిపై బడునను భయమే ఆ నిషేధమునకు మూలమై యుండవచ్చును. ఊరిచెంతనే అడవి యున్న కాలమున దానివలన గొప్ప నష్టమును లేకుండెను. కారణమును విడిచి కట్టడిని మాత్రము పట్టుకొని వ్రేలాడుట శాస్త్రభక్తి యెట్లగును?

ఇంతకంటె వింత యొకటి గలదు. బట్టీ తప్పించుకొన్న తలుపులు నగరములకు బోయి భోజనశాలల గోడల కలంకారము లగుచున్నవి. తమిళదేశమున చెట్టినాటి మేడలనుండి యూడదీసిన స్తంభములును తలుపులును కారైకుడి యంగళ్లలో అమ్ముడుపోవుచున్నవి. వానిని కొని తమ విడిదులలో నిలుపుకొనువారి వంశములు నిలిచియే యున్నవి గదా! మన యింట చేటైనది కొన్నవాని యింట శోభ యెట్లయ్యెనో వాస్తువాదులే చెప్పవలెను.

ఈ మ్రాను మనకు ఊరక వచ్చినది కాదు. ఓడలలో రంగూనునుండి మన తీరమునకు వచ్చినది. మనవా రాదేశమునకు కూలికై పోగా, కోరంగిరేవు పేరున వారికి కోరంగీలను పేరు నిలిచినది. 1885లో ఇంగ్లీషువారు ఉత్తరబర్మాను ఆక్రమించుటకు చూపిన సాకు, ఒక కలప వర్తకసంఘముపై ఆ రాజు విధించిన జరిమానాయే. ఒక రాజ్యమును ముంచిన కలపను మనము బట్టీలపా లొనర్చుచున్నాము. 2014 ఏప్రిల్ 1 నుండి ఆ దేశము దుంగల యెగుమతిని నిషేధించినది. టేకు చక్కగా చేవదేరుటకు అరువది, ఎనుబది యేండ్లు పట్టును. కేరళమున నీలంబూరులో 1840వ దశకమున నాటిన టేకుచెట్లు కొన్ని నేటికిని నిలిచియున్నవి. అంతకాలము వేచియుండు వర్తకు డెవడు? లేబ్రాయపు చెట్టును కొట్టి యమ్ముచున్నారు. అందు చేవ తక్కువ, తెల్లచెక్క యెక్కువ. చెదలు త్వరగా పట్టును. నూరేండ్ల దూలమో, ఎండవలసినంత యెండి, వంగవలసినంత వంగి స్థిరపడినది. మఱియు నెండిన కలప బరువులో సుమారు సగము కర్బనమే. కాల్చినచో నది గాలిలో కలిసి భూతాపమును పెంచును. దూలముగా నున్నంతకాలము అందే యణగి యుండును.

కష్టములు లేవని మే మనము. దాగియున్న మేకులవలన రంపపు పండ్లు విరుగును. కోతమిల్లువా రందుకే యొల్లరు. అయస్కాంతముతో వెదకి వానిని ముందే యూడదీయవలెను. పాతరంగులలో సీసముండవచ్చును, ఇండ్లకు వేయు రంగులలో దాని నరికట్టు నియమములు 2017లో గాని అమలునకు రాలేదు. కావున ధూళి రేగునట్లు గీకరాదు. ఆ చెక్కను పొయ్యిలో నసలే పెట్టరాదు. పగిలిన దూలమును మరల బరువు క్రింద నుంచరాదు; కోసి బల్లలుగను మంచములుగను చేసికొనవచ్చును. పుచ్చినదానిని విడిచిపెట్టవలసినదే. వడ్రంగికూలి హెచ్చగుననుటయు నిజమే. కాని యా ధనము మన యూరి పనివాని యింటికే చేరును. ఎచటనో అడవి నరికించువానికి చేరదు.

కావున, సోదరులారా, ఇల్లు విప్పదలచినపుడు యంత్రమునకు ముందు వడ్రంగిని పిలువుడు. తలుపులను, దూలములను వరుసగా దింపించి, తడి తగులకుండ రాళ్లపై పేర్పింపుడు. మీకు వలదేని మీ యూరి బడికిండు. పిల్లలు నేలపై కూర్చుండు బడి యొక్కటి యున్నంతకాలము చేవగల మ్రానును బట్టీలో వేయుట అపచారము.

ఆనాడు బండి కదలకముందే మేమొక తలుపును వెలయిచ్చి కొంటిమి. దానితో చేయించిన బల్లమీదనే యీ వ్యాసము వ్రాసితిమి. మా వంశమున కింతవరకు చేటేమియు రాలేదు.