లారీ డ్రైవరు దావాకు వెనుదీయనేల?

గుడివాడ మిల్లుల బియ్యమును, దివిసీమ చెరువుల రొయ్యలను మోయుచు, పులిగడ్డ వారధిమీదను బందరు రహదారిమీదను రాత్రులెల్ల నిద్రమాని లారీ నడుపు డ్రైవరు, ఎవరి దోషమును లేని ప్రమాదమున కాలో చేయో కోల్పోయినపుడు, తప్పెవరిదని దావా వేయుదునని మిన్నకుండుట తగదు. 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టము మొదలుగా మన శాసనములు, గాయము ఉద్యోగనిర్వహణమున, దాని కారణముగా కలిగెనని చూపినచో చాలునని, యజమాని తప్పిదమును నిరూపింప నక్కరలేదని అంగీకరించుచునే యున్నవి. డ్రైవరుకు చెల్లవలసిన ఆ పరిహారమునకు వాహన బీమా పాలసీ సాధారణముగా పూచీపడును గావున, దావా వేయుట అన్నముపెట్టిన యజమానికి ద్రోహమన్న సంకోచమునకు తావులేదు. లోడు చీటీని, జీతపు లెక్కను, ఎఫ్.ఐ.ఆర్. నకలును భద్రపరచి, గడువు మీరకముందే అర్జీ పెట్టుట అతని హక్కు. ఆ కాగితములను దాచక అందించుట యజమాని ధర్మము.