పాఠం, పద్దు రెండూ ప్రజలవే

ప్రజల సొమ్ముతో నడిచే బడి పిల్లలకు ఏం నేర్పుతోందో, ఆ సొమ్మును దేనికి ఖర్చు చేస్తోందో చెప్పి తీరాలి. అమెరికాలో ప్రజాధనంతో స్వతంత్రంగా నడిచే చార్టర్ పాఠశాలలు ఈ షరతుకు ఒప్పుకొనే పుట్టాయి. అవి ఫీజులు వసూలు చేయకూడదు. సీట్లకు మించి దరఖాస్తులు వస్తే లాటరీ తీయాలి. ప్రతిగా ఏ పుస్తకం చెప్పాలి, ఎవరిని ఉపాధ్యాయులుగా తీసుకోవాలి, బడి ఎన్ని గంటలు నడపాలి అన్న విషయాల్లో వాటికి ఆ ప్రాంతపు ప్రభుత్వ బడులను నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్ పెత్తనం తప్పుతుంది. గడువు ముగిశాక ఫలితాలు చూపించి అనుమతి పొడిగించుకోవాలి. మూడు దశాబ్దాల తర్వాత చూస్తే స్వేచ్ఛ దండిగానే అందింది. లెక్క చెప్పే బాధ్యత మాత్రం రాష్ట్రానికో తీరుగా మిగిలింది. పాఠ్యప్రణాళికను ఒకరు, ఖాతాలను మరొకరు విడివిడిగా చూసే పద్ధతే ఇందుకు మూలం. ఆ రెండింటినీ ఒకే బల్ల మీద పెట్టి చూడనంత కాలం ఈ బడుల మంచిచెడ్డలు తేలవు.

ఉపాధ్యాయులే కొత్త బోధనా పద్ధతులను ప్రయత్నించే చిన్న బడులు కావాలని 1988లో గట్టిగా వాదించింది మరెవరో కాదు, అమెరికన్ ఉపాధ్యాయ సమాఖ్య అధ్యక్షుడు ఆల్బర్ట్ షాంకర్. 1991లో మినసోటా తొలి చట్టం చేసింది. మరుసటి ఏడాది సెయింట్ పాల్ నగరంలో తొలి చార్టర్ బడి తలుపులు తెరిచింది. వ్యాపార సంస్థలు ఇందులోకి చొరబడటం చూసి కొన్నేళ్లకే షాంకర్ విమర్శకుడిగా మారారు. అయినా విస్తరణ ఆగలేదు. నేడు 40కి పైగా రాష్ట్రాల్లో దాదాపు 8 వేల చార్టర్ బడులు, వాటిలో సుమారు 37 లక్షల మంది పిల్లలు ఉన్నారు.

ఈ బడులు మంచివా, చెడ్డవా? స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన క్రెడో కేంద్రం 2009లో ఇచ్చిన నివేదిక ప్రకారం గణితంలో 17 శాతం చార్టర్ బడులే సమీప ప్రభుత్వ బడుల కంటే మెరుగ్గా ఉన్నాయి. 37 శాతం తీసికట్టుగా ఉన్నాయి. మిగిలిన వాటిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. అదే కేంద్రం 2023లో మళ్లీ లెక్క తీస్తే చార్టర్ విద్యార్థులు చదవడంలో 16 రోజుల, గణితంలో 6 రోజుల బోధనకు సమానమైన ముందంజలో కనిపించారు. ఆన్‌లైన్ చార్టర్ల పిల్లలు మాత్రం బాగా వెనకబడ్డారు. దీన్నిబట్టి తెలిసేది ఒకటే: గేటు మీది బోర్డు చదువు చెప్పదు. లోపల ఏం చెబుతున్నారో అదే చదువు.

ఇందుకు బలమైన రుజువు కొలరాడో నుంచి వచ్చింది. అక్కడ ‘కోర్ నాలెడ్జ్’ పాఠ్యప్రణాళికను అనుసరించే తొమ్మిది చార్టర్ బడుల్లో కిండర్‌గార్టెన్ లాటరీకి పేరిచ్చిన రెండు వేలకు పైగా పిల్లలను వర్జీనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు కొన్నేళ్లపాటు గమనించి 2023లో ఫలితాలు వెల్లడించారు. లాటరీలో సీటు దొరికి ఆ బడుల్లో చదివిన పిల్లలు పఠనంలో దాదాపు 16 పర్సంటైల్ పాయింట్లు ముందున్నారు. వందమందిని ప్రతిభ క్రమంలో కింది నుంచి పైకి నిలబెడితే యాభయ్యో స్థానంలో ఉండాల్సిన బిడ్డ అరవై ఆరో స్థానానికి చేరినట్లు. పేద కుటుంబాలు ఎక్కువగా ఉన్న చోట నడిచే ఒక బడిలో లాభం ఇంకా ఎక్కువ కనిపించింది.

ఆ బడుల్లో జరుగుతున్నదేమీ గారడీ కాదు. ఒకటో తరగతి నుంచే ప్రాచీన ఈజిప్టు, సౌరకుటుంబం, మానవ శరీరం వంటి విషయాలను ఒక వరుసలో, ఏటేటా మునుపటి దాని మీద నిలిచేలా చెబుతారు. అక్షరాలు కూడబలుక్కోవడం ఒక్కటే చదవడం కాదు, చదివినదాని వెనుక ఉన్న లోకం తెలిసి ఉండాలన్నది ఆ పద్ధతికి పునాది. మన పిల్లల విషయమే తీసుకోండి. ‘తూము ఎత్తగానే చివరి ఆయకట్టుకు నీరందింది’ అన్న వాక్యాన్ని నగరంలో పెరిగిన నాలుగో తరగతి పిల్లవాడు తడబడకుండా చదువుతాడు. తూమంటే ఏమిటో, ఆయకట్టంటే ఏమిటో తెలియకపోతే ఆ వాక్యం వాడి నోట్లోంచి వెళ్లిపోతుంది తప్ప బుర్రలోకి దిగదు. ప్రాథమిక బడిలో పాఠ్యప్రణాళిక అంత కీలకం. దాన్ని తీర్చిదిద్దుకునే స్వేచ్ఛను చార్టర్ బడులకు ఇవ్వడం సబబేనని ఈ పత్రిక నమ్ముతోంది.

అయితే ఈ ప్రణాళిక కాగితం మీది నుంచి తరగతి గదిలోకి రావాలంటే డబ్బు కావాలి. ఒక ఉదాహరణ లెక్క వేద్దాం. కిండర్‌గార్టెన్ నుంచి ఐదో తరగతి దాకా తరగతికి రెండు సెక్షన్లు, సెక్షన్‌కు 25 మంది చొప్పున 300 మంది పిల్లలున్న బడి. ఒక్కొక్కరికి ఏటా 12 వేల డాలర్లు వస్తాయనుకుంటే మొత్తం 36 లక్షల డాలర్లు. సెప్టెంబరులో 15 మంది పిల్లలు వేరే బడికి మారిపోయారు. లక్షా 80 వేల డాలర్లు పోయినట్లే. కానీ ఆ 15 మంది ఒకే గదిలోంచి పోలేదు, 12 గదుల్లోంచి ఒక్కరు ఇద్దరు చొప్పున పోయారు. ఏ సెక్షన్‌నూ ఎత్తేయలేరు. అద్దె తగ్గదు, కరెంటు బిల్లు తగ్గదు. ఇక వేటు ఎవరి మీద పడుతుంది? వెనకబడిన పిల్లలకు విడిగా చదవడం నేర్పే ఉపాధ్యాయురాలి మీద, సంగీతం మాస్టారి మీద, గ్రంథాలయం మీద. అనుమతి పత్రంలో ‘ప్రతి బిడ్డకూ వ్యక్తిగత శ్రద్ధ’ అన్న వాక్యం చెక్కుచెదరకుండా ఉంటుంది. ఆ శ్రద్ధ చూపే మనిషి ఉండరు. ఏడాది చివర ఖాతాలు చూసిన ఆడిటర్‌కు లెక్క సరిపోయినట్లే కనిపిస్తుంది. పాఠ్యప్రణాళిక చూసిన అధికారికీ అన్నీ బాగానే కనిపిస్తాయి. రెండూ కలిపి చూసినవారికే నిజం తెలుస్తుంది.

కాలిఫోర్నియాలో ఈ చిక్కు మరింత బిగుసుకుంటుంది. అక్కడ నిధులొచ్చేది పేరు నమోదైన పిల్లల సంఖ్యను బట్టి కాదు, సగటు రోజువారీ హాజరును బట్టి. ఊరంతా జ్వరాలు పట్టుకున్న వారం బడి ఆదాయానికీ గండి కొడుతుంది. పిల్లలు తగ్గితే స్కూల్ డిస్ట్రిక్ట్‌లు ప్రస్తుత ఏడాది, కిందటి ఏడాది, గత మూడేళ్ల సగటు వీటిలో ఏది ఎక్కువైతే ఆ హాజరు మీద నిధులు తీసుకోవచ్చు. చార్టర్ బడికి ఆ వెసులుబాటు లేదు, ఆ ఏడాది హాజరే లెక్క. పైగా డిస్ట్రిక్ట్ బడుల భవనాలకు ఓటర్లు ఆమోదించిన బాండ్ల సొమ్ము అందుతుంది. చాలా చార్టర్ బడులు పాఠాలకు వాడాల్సిన డబ్బులోంచే అద్దె కడతాయి. పేద పిల్లలు ఎక్కువగా ఉండే బడులకు అద్దెలో 75 శాతం వరకు రాష్ట్రం తిరిగి ఇచ్చే పథకం ఉన్నా అది అందరికీ వర్తించదు. నిజాయితీగా నడిచే చిన్న చార్టర్ బడిని ఇలా ఊపిరాడకుండా చేయడం అన్యాయం.

మరోవైపు, నిఘా లేని చోట ఏం జరిగిందో కూడా చూశాం. ఒహాయోలో ‘ఎలక్ట్రానిక్ క్లాస్‌రూమ్ ఆఫ్ టుమారో’ అనే ఆన్‌లైన్ చార్టర్, పాఠాలు వినని పిల్లలకూ డబ్బు తీసుకుందని రాష్ట్రం తేల్చింది. దాదాపు 8 కోట్ల డాలర్లు తిరిగి కట్టమంది. 2018 జనవరిలో, విద్యాసంవత్సరం నడిమధ్యలో ఆ సంస్థ మూతపడి సుమారు 12 వేల మంది పిల్లలు వీధిన పడ్డారు. కాలిఫోర్నియాలో ‘ఏ3’ ఆన్‌లైన్ చార్టర్ల వ్యవహారంలో శాన్ డియాగో ప్రాసిక్యూటర్లు 2019లో 11 మందిపై అభియోగాలు మోపారు. క్రీడా శిక్షణకు వచ్చిన పిల్లల వివరాలు సేకరించి, వాళ్లను విద్యార్థులుగా చూపి సర్కారు సొమ్ము గుంజారు. ప్రధాన సూత్రధారులు 2021లో నేరం ఒప్పుకొన్నారు. 20 కోట్ల డాలర్లకు పైగా వెనక్కి రాబట్టాల్సి వచ్చింది. ఇవి ఆన్‌లైన్ సంస్థలే కావచ్చు. కానీ ట్రస్టీ సొంత కంపెనీకే బడి భవనం అద్దె చెల్లించడం, యాజమాన్య సంస్థ తన సేవలకు తానే ధర కట్టుకోవడం వంటి ఏర్పాట్లు ఇటుకల గోడలున్న బడుల్లోనూ సాధ్యమే. చట్టం గట్టిగా లేని చోట కంచే చేను మేస్తుంది.

చార్టర్ సమర్థకులు రెండు మాటలు చెబుతారు. నిబంధనలు పెరిగితే ప్రయోగాలు చచ్చిపోతాయన్నది మొదటిది. నచ్చకపోతే తల్లిదండ్రులు పిల్లల్ని తీసుకెళ్లిపోతారు, అదే అసలైన తనిఖీ అన్నది రెండోది. మొదటి వాదనలో పస లేదు. గణితం ఎలా చెప్పాలో ఆదేశించే నిబంధన వేరు, అద్దె ఎవరికి కడుతున్నారో చెప్పమనే నిబంధన వేరు. రెండో వాదన పిల్లల కాలాన్ని లెక్కలోకి తీసుకోదు. రెండో తరగతిలో అక్షరం పట్టుబడని బిడ్డకు పోయిన సగం ఏడాదిని ఏ మార్కెట్టూ తిరిగి ఇవ్వదు. ఇక చార్టర్లను మొత్తానికే రద్దు చేయాలనే వర్గం వాదన కూడా ఒప్పుకోదగినది కాదు. బోస్టన్ చార్టర్ బడులపై జరిగిన లాటరీ అధ్యయనాల్లో పేద పిల్లలు సాధించిన ప్రగతిని, కొలరాడో ఫలితాలను పక్కకు నెట్టేస్తే నష్టపోయేది పిల్లలే.

కాలిఫోర్నియా కొన్ని సరైన అడుగులు వేసింది. 2019 జులై నుంచి లాభాపేక్ష గల సంస్థలు చార్టర్లు నడపకుండా నిషేధించింది. బహిరంగ సమావేశాలు, సమాచార హక్కు, పరస్పర విరుద్ధ ప్రయోజనాల నిరోధక చట్టాలు చార్టర్ బడులకూ వర్తిస్తాయని అదే ఏడాది స్పష్టం చేసింది. సాధారణ బోర్డు సమావేశపు అజెండాను 72 గంటల ముందే ప్రజల ముందుంచాలి. మిగతా రాష్ట్రాలకు ఇది కనీస కొలమానం కావాలి. దాని మీద ఇంకా నాలుగు చేరాలి. అనుమతి పత్రంలో రాసిన ప్రతి బోధనా హామీకీ ఎదురుగా ఆ ఏడాది బడ్జెట్‌లో దానికి కేటాయించిన మొత్తం కనిపించాలి. బోర్డు సభ్యులకు, వారి బంధువులకు వాటా ఉన్న సంస్థలతో అద్దె, సేవల ఒప్పందాలు నిషేధించాలి. హాజరు తగ్గిన ఏడాది తట్టుకునేలా చార్టర్ బడులకూ సగటు లెక్కన నిధులివ్వాలి. విద్యాసంవత్సరం మధ్యలో బడి మూసే పరిస్థితి రాకుండా నిల్వ నిధి ఉంచాలి, అది లేని బడికి అనుమతి పొడిగించకూడదు.

ఈ చర్చ తెలుగు నేలకు కొత్తది కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008 నుంచి ఐదు జిల్లాల్లోని 180 గ్రామాల్లో లాటరీ పద్ధతిపై పిల్లలకు ప్రైవేటు బడి ఫీజు భరిస్తూ జరిగిన వోచర్ ప్రయోగం ప్రపంచ ప్రసిద్ధమైంది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 2015లో వెలువరించిన ఫలితాల ప్రకారం, ప్రైవేటు బడులకు వెళ్లిన పిల్లలు నాలుగేళ్ల తర్వాత తెలుగులో, గణితంలో ప్రభుత్వ బడుల పిల్లలను మించలేదు. హిందీలో బాగా ముందున్నారు. ఖర్చు మాత్రం ప్రభుత్వ బడిలో అయ్యేదానిలో మూడో వంతు కంటే తక్కువ. ఖర్చు ఒక్కటే చూసినవారు ప్రైవేటు బడి గొప్పదన్నారు, మార్కులు మాత్రమే చూసినవారు తేడా లేదన్నారు. టైమ్‌టేబుల్ కూడా చూస్తేగానీ అసలు సంగతి తేలలేదు: ఆ బడులు తెలుగు, గణితాలకు తక్కువ సమయం కేటాయించి, మిగిలిన సమయాన్ని ఇతర సబ్జెక్టులకు మళ్లించాయి.

మన దగ్గర చార్టర్ బడికి దగ్గరి చుట్టం ఎయిడెడ్ పాఠశాల: జీతాలు ప్రభుత్వానివి, యాజమాన్యం ప్రైవేటుది. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ బడుల్లో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులుండే యాజమాన్య కమిటీకి నిధుల వినియోగాన్ని పర్యవేక్షించే అధికారం ఉంది. 2012 సవరణతో ఎయిడెడ్ బడుల్లో ఆ కమిటీ సలహాలకే పరిమితమైంది. ప్రజాధనం అందుకునే బడిలో తల్లిదండ్రులకు సలహా చెప్పే హక్కు తప్ప లెక్క అడిగే హక్కు లేకపోవడం సమర్థనీయం కాదు. ఆ సవరణను పార్లమెంటు పునఃపరిశీలించాలి. ప్రభుత్వ బడులను ప్రైవేటు నిర్వహణకు అప్పగించే ఆలోచన ఏ ప్రభుత్వానికి వచ్చినా, ముందుగా ఈ లోపాన్ని సరిదిద్దకుండా అడుగు ముందుకు వేయకూడదు.

అరిజోనాలో, టెక్సాస్‌లో, కాలిఫోర్నియాలో పిల్లల్ని చార్టర్ బడులకు పంపుతున్న తెలుగు తల్లిదండ్రులకూ ఒక విన్నపం. రేటింగులు చూసి సీటు కోసం లాటరీ ఫలితాల దాకా ఎదురుచూస్తారు. సీటు వచ్చాక బోర్డు సమావేశానికి వెళ్లండి. ఈ ఏడాది బడ్జెట్ అడిగి తీసుకోండి. పిల్లలకు చదవడం నేర్పేవారికి ఎంత, భవనానికి ఎంత, యాజమాన్య సంస్థకు ఎంత పోతోందో చూడండి. జవాబు చెప్పడానికి వెనకాడే బడి, పాఠాలెంత గొప్పగా చెబుతున్నా, ప్రజల నమ్మకానికి అర్హమైనది కాదు. అలాంటి బడికి అనుమతి పొడిగించకూడదు.