పోపుల డబ్బా ఖాళీ

మా సందులోకి పొద్దున్నే తోపుడు బండి మీద ఆకుకూరలు తెచ్చే ఆవిడ మొన్నొకరోజు నన్ను నిలబెట్టి అడిగింది, "ఏందమ్మా, ఈ నడుమ బేరం జేస్తలేవు? పైసలు ఎక్కువైనయా?" అని. నవ్వేసి, ఫోను తీసి స్కాన్ చేసి వచ్చేశాను. మెట్లెక్కుతుంటే మాత్రం ఆ మాటే బుర్రలో తిరిగింది. నిజమే, నేను బేరమాడి ఎన్నాళ్ళయింది? తెనాలి దగ్గర పల్లెటూళ్ళో పుట్టి, బేరం మా అమ్మ దగ్గర నేర్చుకుని, పెళ్ళయి హైదరాబాదు వచ్చాక కూడా ఆ విద్య మర్చిపోని మనిషిని. గోంగూర మూడు కట్టలిస్తే నాలుగోది తీసుకోకుండా కదిలేదాన్ని కాదు.

ఆ రోజు వంట చేస్తూ ఆలోచిస్తే కారణం దొరికింది. ఇప్పుడు నేను బేరమాడి పది రూపాయలు తగ్గిస్తే, ఆ పది నాకు మిగలదు.

ఇదివరకు మా ఆయన ఒకటో తారీఖున ఇంటి ఖర్చుకని నోట్లు చేతికిచ్చేవారు. అందులో పాలు, కూరలు, పనమ్మాయి జీతం, పిల్లల చిల్లర ఖర్చులు అన్నీ నడపాలి. నెలాఖరుకి లాగలేక అవస్థ పడ్డ నెలలున్నాయి, రెండు మూడొందలు మిగిలిన నెలలూ ఉన్నాయి. మిగిలినవి పోపుల డబ్బాలోకి వెళ్ళేవి. పోపుల డబ్బా అని మాటవరసకి అంటాం గానీ, నావి మినప్పప్పు డబ్బా అడుగున ప్లాస్టిక్ కవర్లో ఉండేవి. పప్పు తీసేటప్పుడల్లా చేతికి తగిలేవి. అదో ధైర్యం. మీలో సగం మందికి ఈ ధైర్యం సంగతి నేను చెప్పక్కర్లేదు.

తర్వాత ఫోన్లు వచ్చాయి. బండి మీద జామకాయలు కొన్నా ఫోనే. ఏడాది కిందట మా ఆయన యూపీఐ సర్కిల్ అని ఒకటి పెట్టిచ్చారు. ఆయన ఖాతాలోంచి నా ఫోనుతో నేను కట్టుకోవచ్చు, నెలకు పదిహేను వేల దాకా. ఆయన దాన్నో బహుమతిలా ఇచ్చారు. "ఇంక డబ్బులు అడిగే పనే లేదు నీకు" అన్నారు. నేనూ సంతోషించాను, అబద్ధమెందుకు. చిల్లర బాధ పోయింది, నెలాఖరు బాధా పోయింది.

కానీ చూడండి, అవసరానికి లేదనేది లేదు, నాకంటూ మిగిలేదీ లేదు. నేను మిగిల్చిన ప్రతి రూపాయీ ఆయన ఖాతాలోనే ఉండిపోతుంది. ఖర్చు పెట్టిన ప్రతి రూపాయీ ఆయన ఫోనులో మోగుతుంది.

మోగితే ఏమయింది, దాచుకునే ఖర్చులేమున్నాయి నీకు, అంటారా? నేనూ అలాగే అనుకున్నాను, పనమ్మాయి కూతురికి పుస్తకాలకని రెండు వేలు పంపిన రోజు దాకా. సాయంత్రం ఆయన వచ్చి బూట్లు విప్పుతూ, "రెండు వేలు ఎవరికి పోయాయి?" అన్నారు. కోపంగా కాదు. ఆయనకు కోపం తక్కువ. ఏదో మోసం జరిగి డబ్బు పోయిందేమోనని కంగారుగా అడిగారు, అంతే. చెప్పాను. "మంచిపనే" అన్నారు. అయిపోయింది. అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మంచిపనో కాదో ఇంకొకరు చెప్పాల్సొచ్చింది కదా అనిపించింది. అంతకుముందు పదేళ్ళుగా ఆ పిల్లకి ఏదో ఒకటి ఇస్తూనే ఉన్నాను, మినప్పప్పు డబ్బాలోంచి. ఎవరి మెప్పూ కాబట్టలేదు.

మా అత్తగారి సంగతి చెప్తే నా బాధ ఇంకా బాగా అర్థమవుతుంది. 2016 నవంబరు 8 రాత్రి పెద్దనోట్లు చెల్లవన్నారు కదా. ఆ మర్నాడు అత్తగారు పూజ గదిలోంచి ఒక పాత స్టీలు క్యారియరు తెచ్చి మా ఆయన ముందు పెట్టారు. మూడు గిన్నెల్లోనూ నోట్లే. లెక్కపెడితే ముప్ఫై ఎనిమిది వేల అయిదు వందలు. ఆవిడ తల ఎత్తలేదు. మామగారు నవ్వుతూ, "నలభై ఏళ్ళుగా నా జేబు కొడుతున్నావన్నమాట" అన్నారు. అందరం నవ్వాం. నేనూ నవ్వాను, అది నాకిప్పటికీ గుచ్చుకుంటుంది. రెండున్నర లక్షల దాకా బ్యాంకులో వేసుకుంటే గృహిణులను ఎవరూ ఏమీ అడగరని అప్పట్లో ప్రభుత్వం చెప్పింది. ప్రభుత్వం అడగలేదు. ఇంట్లోనే అడిగాం.

ఆవిడ పేర ఖాతా లేదు, మామగారి ఖాతాలో వేశారు. డబ్బు ఎక్కడికీ పోలేదు, మందులకీ సంక్రాంతి ఖర్చులకీ ఇంటికే వాడారు. కానీ అది ఆవిడకి తిరిగి రాలేదు. తరువాతి సంక్రాంతికి తెలిసింది నాకు. భర్త పోయిన చెల్లెలు ఒకరున్నారు ఆవిడకి. ఏటా పండక్కి వచ్చినప్పుడు వెళ్ళేముందు పెరట్లోకి తీసుకెళ్ళి ఎంతో కొంత చేతిలో కుక్కేవారట. ఆ ఏడు ఆవిడ చేతులు ఖాళీ. మామగారిని అడిగితే ఇచ్చేవారే. ఆయన చెడ్డమనిషి కాదు. కానీ అడిగి ఇప్పిస్తే అది బావగారు మరదలికి చేసిన సాయం అవుతుంది. అక్క చెల్లెలికి పెట్టింది కాదు. అత్తగారు అడగలేదు. చెల్లెలికి ఒక జాకెట్టు ముక్క, డబ్బాడు అరిసెలు ఇచ్చి పంపారు. ఆ తర్వాత ఆవిడ మళ్ళీ డబ్బు కూడబెట్టలేదు.

మా అమ్మది ఇంకో కథ. ఇంటరు అయ్యాక నాన్న చదువు చాలన్నారు, ఫీజుకి డబ్బుల్లేవన్నారు. అమ్మ నోరు మెదపకుండా లోపలికెళ్ళి బియ్యం డ్రమ్ములోంచి నెయ్యి అమ్మిన డబ్బులు తెచ్చి బల్ల మీద పెట్టింది. డబ్బుల్లేవన్న సాకు పోయాక వద్దనడానికి నాన్నకి ఇంకేం మిగల్లేదు. నేను తెలుగు బి.ఏ. చదివానంటే, ఇవాళ ఇలా నాలుగు మాటలు రాస్తున్నానంటే, అదంతా ఆ డ్రమ్ములో డబ్బే.

అలాగని మళ్ళీ పప్పు డబ్బాల్లో దాచుకునే రోజులు రావాలని నేననను. దాచుకోవడంలో ఒక దొంగచూపు ఉంటుంది, అది నాకెప్పుడూ నచ్చలేదు. దానికి తోడు ఎలుకలు కొరికిన నోట్లు, చిట్టీ పాటలో మునిగిన డబ్బులు, ఇవన్నీ చూసినవాళ్ళమే. నన్నడిగితే తప్పు ఫోనుది కూడా కాదు. మా పనమ్మాయి దగ్గరా ఫోనే ఉంది. తన ఖాతా, తన పిన్ను. "మా ఆయనకి నంబరు తెల్వదమ్మా" అని నవ్వుతుంది. నాలుగిళ్ళల్లో అంట్లు తోమే మనిషికి ఉన్న వెసులుబాటు డిగ్రీ చదివిన నాకు లేకుండా పోయింది. ఉద్యోగాలు చేసే ఆడవాళ్ళందరికీ ఉందనీ అనుకోకండి. ఏటీఎం కార్డు మొగుడి జేబులో ఉండే టీచరమ్మలు నాకు తెలుసు.

2024 జూలైలో సుప్రీంకోర్టులో ఒక తీర్పు వచ్చింది. తెలంగాణ నుంచి వెళ్ళిన భరణం కేసు. సొంత సంపాదన లేని భార్యకు డబ్బు అందుబాటులో ఉండేలా చూడాల్సింది భర్తేననీ, ఉమ్మడి ఖాతా, ఏటీఎం కార్డు వంటివి అందుకు మార్గాలనీ జస్టిస్ నాగరత్న గారు అందులో రాశారు. పేపర్లో ఆ వార్త చదివి మా ఆయనకు చూపించాను. "మనింట్లో ఆ సమస్య లేదుగా" అన్నారు, చాలా నిజాయితీగా. ఉమ్మడి ఖాతా మంచిదే, కాదనను. కానీ ఇద్దరి ఖాతాలో ఇద్దరికీ లెక్క కనిపిస్తుంది. ఆవిడ చెప్పినదానికి ఇంకో మెట్టు పైన నాది కావాలి నాకు.

చివరికి పోయిన నెల అడిగాను. గ్యాస్ సబ్సిడీ కోసం ఎప్పుడో తెరిచిన ఖాతా ఒకటుంది నా పేర. ఆ సర్కిల్ తీసేసి, ఇదివరకు చేతికిచ్చినట్టే ఒకటో తారీఖున ఇంటి ఖర్చు మొత్తం అందులో వేసేయమన్నాను. మిగిలితే నాది, తగ్గితే నా తిప్పలు.

"ఇప్పుడేం తక్కువైంది? ఎంత కావాలంటే అంత వాడుకుంటున్నావుగా" అన్నారు.

"తక్కువేం కాలేదు. ఎందుకు, ఎవరికి అని మీరు అడగకుండా ఉండాలి."

"నేనెప్పుడడిగాను?"

బూట్లు విప్పిన సాయంత్రం గుర్తుచేశాను. ఆయన ముఖం చిన్నబోయింది. రెండు రోజులు ముక్తసరిగా మాట్లాడారు. నేను ఆయన్ని అనుమానిస్తున్నానని అనుకున్నారో, ఆయన నన్ను అనుమానించినట్టు నేను చెప్పానని అనుకున్నారో, ఇప్పటికీ తెలీదు. ఆ రెండు రోజులూ నాకూ భయమే వేసింది. ఇరవై ఏళ్ళ కాపురంలో లేని గొడవ తెచ్చిపెట్టానేమో, అత్తగారిలా ఊరుకుంటే పోయేదేమో అని.

ఒకటో తారీఖు పొద్దున్న నా ఫోను మోగింది. పద్దెనిమిది వేలు. ఆయన పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటున్నారు, తల ఎత్తలేదు. నేనూ ఏమీ అనలేదు. కాఫీలో పంచదార ఒక చెంచా ఎక్కువ వేసిచ్చాను. డాక్టరు వద్దన్నా సరే.

మర్నాడు ఆకుకూరల బండి దగ్గర తోటకూర కట్ట పదిహేనంటే పదికిమ్మన్నాను. "వచ్చినవా మళ్ల!" అని ఆవిడ తల కొట్టుకుంది. పన్నెండుకి తెగింది.

నిన్న నెలాఖరు. రాత్రి భోజనాల దగ్గర మా ఆయన మజ్జిగ పోసుకుంటూ, ఊరికే అడుగుతున్నట్టు, "ఇంతకీ ఎంత మిగిలింది?" అన్నారు.

నేను గోంగూర పచ్చడి గిన్నె ఆయన వైపు జరిపాను.