ఒళ్ళు తగ్గాలంటే పస్తులుండాలా?

ఆమధ్య ఒక ఉదయం మా ఆసుపత్రికి ఒక గృహిణిని ఆటోలో తీసుకొచ్చారు. ఒళ్ళంతా చెమటలు, చేతుల్లో వణుకు, మాట తడబాటు. పరీక్షిస్తే రక్తంలో చక్కెర 46 మిల్లీగ్రాములే ఉంది. గ్లూకోజు ఎక్కించాక తేరుకుని సంగతి చెప్పింది. రెండు నెలల్లో కూతురి పెళ్ళి. ఈలోగా పది కిలోలు తగ్గాలని రాత్రి భోజనం, ప్రొద్దుటి టిఫిను మానేసింది. "అన్నం మానినా మందు మానలేదు డాక్టరుగారూ!" అంది.

ప్రమాదమంతా అక్కడే ఉంది. ఆవిడ వేసుకునేది మధుమేహానికిచ్చే గ్లిమిపిరైడ్ మాత్ర. తిండి లేని కడుపుతో వేసుకుంటే అది చక్కెరను ప్రమాదకరంగా దించేస్తుంది.

పస్తులుంటే బరువు తగ్గదా అంటారేమో. తగ్గుతుంది. కాని మొదటి వారంలో తగ్గేది చాలావరకు నీరే. ఆ తర్వాత క్రొవ్వుతోపాటు కండ కూడా కరుగుతుంది. ఆకలి పెరుగుతుంది. మామూలు తిండికి రాగానే పోయిన బరువు తిరిగి వస్తుంది.

ముందు మీ నడుము కొలుచుకోండి. మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి. వారానికి అరకిలో తగ్గితే చాలు. 70 కిలోల మనిషి మూడున్నర కిలోలు తగ్గినా రక్తపు పోటు, చక్కెర అదుపులోకి రావడానికి ఎంతో మేలు.

అన్నం మానక్కరలేదు. పప్పులోకి, పులుసులోకి, పెరుగులోకి మూడుసార్లు వడ్డించుకునే అలవాటు మార్చుకోండి. కంచంలో సగం కూరలు, ఆకుకూరలు. పావు వంతు అన్నమో, రొట్టెలో. మిగిలిన పావు పప్పు, గుడ్డు, చేప వంటివి ఉండాలి. నూనె, నెయ్యి కలిపి నలుగురున్న ఇంటికి నెలకు సుమారు మూడు కిలోలు చాలు. మీ ఇంటి సరుకుల చీటీ ఒకసారి చూసుకోండి. రోజుకు నాలుగు కప్పుల కాఫీ, కప్పుకు రెండు చెంచాల పంచదార అయితే అదే 160 కేలరీలు. అరగంట గట్టిగా నడిస్తే ఖర్చయ్యేది దాదాపు అంతే. పిల్లలు వదిలేసింది పారెయ్యలేక తినే తల్లులు ఇంకో మాట గుర్తుంచుకోండి: వృథా అన్నం డబ్బాలో ఉన్నా, మీ నడుము చుట్టూ ఉన్నా వృథాయే. వండేటప్పుడే తగ్గించి వండండి.

ఇక నడక. వారానికి అయిదు రోజులు, రోజుకు అరగంట. మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి, అదీ వేగం. "ఇంటిపనితోనే సరిపోతోందండీ" అంటారు చాలామంది. ఇంటిపనీ శ్రమే, కాని అది ఆగి ఆగి సాగుతుంది. వీలు కాకపోతే పది నిమిషాల చొప్పున మూడుసార్లు నడవండి. నడుస్తుంటే ఛాతీలో నొప్పి వస్తే వెంటనే ఆగి, డాక్టరుకు చూపించుకోండి.

మధుమేహానికి మాత్రలో, ఇన్సులినో, రక్తపు పోటుకు మందులో వాడేవారు తిండి తగ్గించేముందు డాక్టరుకు చెప్పండి. మోతాదు మార్చవలసి రావచ్చు. థైరాయిడ్ జబ్బు లేకుండా థైరాయిడ్ మాత్రలు మింగకండి. ఈమధ్య వచ్చిన సూదిమందులు కొందరికి ఉపయోగపడతాయి. కాని డాక్టరు సలహా లేకుండా వాడరాదు. మానేస్తే బరువు మళ్ళీ పెరగడం కద్దు.

ఆ గృహిణికి మందు మార్చి, వేళకు తినమన్నాను. సాయంత్రాలు కూతురిని వెంటబెట్టుకుని నడిచింది. పెళ్ళినాటికి మూడు కిలోలు తగ్గింది. "పది తగ్గలేదండీ" అంది చిన్నబుచ్చుకుని.

"పెళ్ళి ఒక్కరోజమ్మా, నడక రోజూ ఉంటుంది" అన్నాను. మీకూ నేను చెప్పేది అదే.